మంత్రిగారి మొదటి ఎన్నిక, నా రెండో పుట్టినరోజు

మొన్న ఇక్కడ జర్మనీలో, మా కార్ల్స్‌రూహె ట్రామ్‌లో నా ఎదుటి సీట్లో ముగ్గురు మన తెలుగు పిల్లలు కూర్చున్నారు. మాస్టర్స్ చదువుతున్నవాళ్లని వీపున ఉన్న సంచులు చూస్తేనే తెలుస్తోంది. ముగ్గురూ ఒకే ఫోన్ మీదికి వంగి ఏదో వీడియో చూస్తూ నవ్వుకుంటున్నారు. నేనూ మెడ చాచాను. ఆఫ్రికాలో ఒక దేశపు నీటి శాఖ మంత్రి జర్మనీ పర్యటనకి వచ్చాడు. విలేకరి ఇంగ్లిషులో ప్రశ్న అడిగితే ఆయన జర్మన్‌లో జవాబు చెబుతున్నాడు. అదీ పుస్తకాల జర్మన్ కాదు, మా చుట్టుపక్కల మాట్లాడే అచ్చమైన బాడెన్ యాస.

“ఈయనేంది, మా బిల్డింగ్ చూసుకునే హౌస్‌మైస్టర్ లెక్క మాట్లాడుతుండు,” అన్నాడు ఒకడు.

నేను ఉండబట్టలేకపోయాను. “మాట్లాడడా మరి? పదకొండేండ్లు మా ఫ్యాక్టరీల పంపులు టెస్ట్ చేసిండు. ఆయన మొదటి ఎలక్షన్ నడిపించింది నేనే,” అన్నాను.

“నిజమా అంకుల్,” అన్నారు ముగ్గురూ. ఆ మాటలో నమ్మకం కంటే మర్యాదే ఎక్కువ వినిపించింది. ఇంతలో వాళ్ల స్టాపు వచ్చింది, దిగిపోయారు. తలుపు మూసుకున్నాక వాళ్లు మళ్లీ నవ్వుకోవడం కిటికీలోంచి నాకు కనిపించింది. రిటైరైనవాడికి కోపం త్వరగా వస్తుంది, తీరిక కూడా ఎక్కువే. ఆ రెండూ కలిసి నన్నిలా రాయడానికి కూర్చోబెట్టాయి. పైగా ఆ పిల్లలకి నేను సగమే చెప్పాను. ఆ ఎన్నిక నడిపించింది నేనే కాదు, అందులో ఆయన్ని దాదాపు ముంచింది కూడా నేనే.

ఎవరి పేర్లూ రాయను. ఆయన దేశం పేరు కూడా రాయను. పదవిలో ఉన్న మనిషి, నా నోటిదురుసుతో ఇంకోసారి ఆయనకి ఇబ్బంది తేకూడదు. అప్పట్లో నీలం ఓవరాల్ వేసుకుని మోచేతుల దాకా గ్రీజుతో తిరిగేవాడే అయినా, ఇక్కడ ఆయన్ని మంత్రిగారు అనే అంటాను.

మా ఫ్యాక్టరీ కార్ల్స్‌రూహె నుంచి ట్రామ్‌లో వెళితే ద్రాక్షతోటలు మొదలయ్యే చోట ఉండేది. రెండొందల లోపు మంది పనిచేసేవాళ్లం. ఊళ్లకి నీళ్లు తోడే పెద్ద పంపులు తయారుచేసేవాళ్లం. మంత్రిగారూ నేనూ టెస్ట్ బెంచి మీద జోడీ. పంపుని బిగించి, నీళ్లు పారించి, ఎంత ఒత్తిడికి ఎన్ని నీళ్లు ఎత్తుతోందో చూసి రాసుకోవడం మా పని. నేను మీటర్లు చూసేవాణ్ని. ఆయన మీటర్ల వైపు కూడా చూడకుండా, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని బేరింగ్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. కాసేపాగి, “దీనికి ఒంట్లో బాలేదు,” అనేవాడు. విప్పి చూస్తే నిజంగానే బాగుండేది కాదు. అంత పని వచ్చినవాడు మా హాల్లో మరొకడు లేడు.

ఇక అసలు గొడవ సెలవు దగ్గర వచ్చింది. మాకు ఏడాదికి ముప్పై పనిదినాల సెలవు, అంటే ఆరు వారాలు. కానీ ఒకేసారి మూడు వారాలకి మించి తీసుకోకూడదని ఫ్యాక్టరీలో రూలు. ఆల్ప్స్ కొండలకో ఇటలీ సముద్రానికో పోయొచ్చేవాళ్లకి మూడు వారాలు దండిగా సరిపోతాయి. మా గతి వేరు. ఇక్కడి ఆఫీసుల్లో పనిచేసే మీరిప్పుడు ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికెళ్లి, అమ్మ చేతి కాఫీ తాగుతూ రెండు వారాలు అక్కణ్నుంచే పని చేసుకుంటున్నారు. టన్ను బరువున్న పంపుని మేం సూట్‌కేసులో పెట్టుకుపోలేం కదా.

మంత్రిగారి ఊరికి చేరాలంటే రాజధాని దాకా విమానం, తర్వాత ఒక రోజంతా బస్సు, ఆపైన నది దాటడానికి పడవ. ఊళ్లో దిగాక పెద్దవాళ్లని వరసప్రకారం ఇల్లిల్లూ తిరిగి పలకరించాలి. ఒక్కరిని మరిచిపోయినా పదేళ్లు చెప్పుకుంటారట. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, అప్పటికి తొమ్మిదేళ్లది ఒకతి, ఏడేళ్లది ఒకతి. ఇద్దరికీ జర్మన్ తప్ప ఇంకో మాట రాదు. ఊళ్లో వాళ్ల నాన్నమ్మకి ఆ ఊరి భాష తప్ప ఇంకో మాట రాదు.

“మొదటి వారం పిల్లలు మా అమ్మని చూసి సిగ్గుపడతారు,” అన్నాడు ఒకసారి కాంటీన్‌లో. “రెండో వారం మా అమ్మ పిల్లల్ని చూసి సిగ్గుపడుతుంది. మూడో వారం ముగ్గురికీ సిగ్గు పోయేసరికి నేను పెట్టెలు సర్దుతుంటాను.”

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, పళ్లెం పక్కకి జరిపాను. అంతకు ముందు ఏడాదే మా అమ్మ పోయింది. మా అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లు. కరీంనగర్ నుంచి అమ్మ ఫోన్ చేసి “తిన్నవా బిడ్డా” అంటే, మా అమ్మాయి “యా” అని ఫోన్ నా చేతికిచ్చేసేది. ఆ నాన్నమ్మ మనవరాళ్ల మధ్య పదిహేడేళ్లలో జరిగిన సంభాషణ మొత్తం అంతే. మూడు వారాల రూలు వల్లే అలా అయిందని చెప్పుకుంటూ ఉండేవాణ్ని. ఆ రూలు మార్చమని పదిహేడేళ్లలో ఒక్కసారైనా ఎవరినీ అడగలేదన్న సంగతి మాత్రం చెప్పుకునేవాణ్ని కాదు.

అప్పుడే బెట్రీబ్స్‌రాట్ ఎన్నికలు వచ్చాయి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతున్నాను, బెట్రీబ్స్‌రాట్ అంటే ఉద్యోగుల తరఫున యాజమాన్యంతో కూర్చుని మాట్లాడే మండలి. నాలుగేళ్లకోసారి ఓట్లు వేసి ఎన్నుకుంటాం. మా ఫ్యాక్టరీలో ఏడుగురు సభ్యులు ఉండేవాళ్లు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఏడుగురూ గెలిచినట్టు. పార్లమెంటుకి ఓటు లేని మాకు ఇందులో ఓటూ ఉంది, పోటీ చేసే హక్కూ ఉంది. పాస్‌పోర్టు రంగు ఎవరూ అడగరు. సెలవు రూలు మార్చాలంటే ఆ ఏడుగురిలో ఒకడు మనవాడై ఉండాలి. మంత్రిగారిని నిలబడమన్నాను.

“నేను పంపుల మాట వింటాను, మనుషులకి మాటలు చెప్పలేను,” అన్నాడు.

వినేవాడే కావాలి, చెప్పడానికి నేనున్నానని ఒప్పించాను. ఇక అక్కణ్నుంచి నాకు పూనకం వచ్చింది. సర్పంచ్ ఎన్నికలు చూస్తూ పెరిగినవాణ్ని, ఎన్నికంటే ఏమిటో ఈ జర్మన్లకి చూపించాలనుకున్నాను. ఇనుము పోతపోసే ఫౌండ్రీలో ఎవరి మాట ఎవరు వింటారు, పంపులకి రంగులు వేసే పెయింట్ షాపులో ఎవరికి ఎవరితో పడదు, ప్యాకింగ్‌లో ఎవరి బావమరిది ఎవరు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. సిగరెట్లు తాగే మూల దగ్గర నిలబడి, సిగరెట్ అలవాటు లేకపోయినా దగ్గుతూ ప్రచారం చేశాను. అంతా బాగానే నడుస్తోంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

ఓట్లకి వారం ముందు నాకో ఆలోచన వచ్చింది. మన దగ్గర పోలింగ్‌కి ముందు రోజు ఏం చేస్తారో మీకు తెలుసు. బిర్యానీ. అయితే ఊరికే పెడితే బాగోదు, ఒక సందర్భం కావాలి. ఇక్కడ ఆఫీసుల్లో పుట్టినరోజు ఎవరిదైతే వాళ్లే అందరికీ కేకు తెచ్చి పెట్టాలి కదా. కాబట్టి నా పుట్టినరోజు అని చెప్పి బిర్యానీ తెస్తే అడిగేవాడు ఉండడు. అలా నేను నా పుట్టినరోజుని పోలింగ్ ముందు రోజుకి తెచ్చుకున్నాను.

అది పచ్చి అబద్ధం కూడా కాదు. నా పాస్‌పోర్టులో జూన్ ఒకటి అని ఉంది. బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు వయసు సరిపోవాలని వేసిన తేదీ అది. మా క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు. మా అమ్మ లెక్క వేరు. “హోళి పున్నమ అయిన మూడో దినం పుట్టినవ్ బిడ్డా,” అనేది. మా తరంలో సర్టిఫికెట్ పుట్టినరోజు, అసలు పుట్టినరోజు అని రెండూ ఉండడం మామూలే. అయితే ఆ ఏడాది హోళి మూడో దినం పోలింగ్‌కి తొమ్మిది రోజుల ముందే అయిపోయింది. నేను దాన్ని ఎనిమిది రోజులు ఇవతలికి జరిపాను. నేను చేసిన తప్పంతా ఆ ఎనిమిది రోజుల్లోనే ఉంది.

మా ఆవిడకి కూడా పుట్టినరోజనే చెప్పాను. గిన్నెలు దింపుతూ అనుమానంగా చూసింది. “ఇన్నేండ్లల్ల ఎన్నడన్న హోళి పుట్టినరోజు చేసుకున్నవా? రేపు మీ కాడ ఓట్లు గదా,” అంది. దానికీ దీనికీ సంబంధం లేదన్నాను. “ఓట్లకు బిర్యానీ పెట్టుడు మన దిక్కు చాలదా, ఈడ గూడ మొదలువెడ్తవా,” అంటూనే బియ్యం నానబోసింది. చెప్పిన మాట వినకపోయినా వండి పెట్టే మనిషి ఇంట్లో ఉండడం నా అదృష్టమో, మంత్రిగారి దురదృష్టమో తెలియదు.

కోడి బిర్యానీ ఒక పెద్ద గిన్నె, కూరగాయలది ఒకటి. మూతలు గుడ్డతో బిగించి కట్టి, రెండు విడతలుగా ట్రామ్‌లో పట్టుకెళ్లాను. మంత్రిగారికి కూడా పుట్టినరోజనే చెప్పాను. కాంటీన్‌లో ఆ మధ్యాహ్నం జరిగింది చూడాల్సిందే. ఫౌండ్రీ వాళ్లు కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారు. ముప్పై ఏళ్లుగా ఒకే రకం సాసేజ్ తింటున్న మండలి చైర్మన్ పెద్దాయన పెరుగు కలుపుకుని రెండు పళ్లేలు తిన్నాడు. నేను గరిటె పట్టుకుని ఒక్కొక్కరికీ వడ్డిస్తూ, “రేపు మావాణ్ని మరిచిపోకండి,” అన్నాను. ఆ మాట కూడా అన్నాను. దాచడమెందుకు.

మంత్రిగారికి అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. చైర్మన్ రెండో స్థానంలోకి జారాడు. పెయింట్ షాపు అభ్యర్థి ఒకే ఒక్క ఓటు తేడాతో ఎనిమిదో స్థానంలో ఆగిపోయాడు. నేను కాలరెగరేసుకుని ఇంటికొచ్చాను.

మూడో రోజు చైర్మన్ నన్ను పిలిచాడు. ఆయన ఫౌండ్రీలో పనిచేసే మనిషి, వేళ్లు దుక్కల్లా ఉండేవి, మాటలు తక్కువ. బల్ల మీద ఒక కాగితం ఉంది. పెయింట్ షాపు వాళ్లు ముగ్గురు సంతకాలు పెట్టారు. ఓటర్లకి ఏదైనా పెట్టి, ఇచ్చి, ఎన్నికని ప్రభావితం చేయకూడదని ఈ దేశంలో చట్టం ఉంది, ఈ ఎన్నిక రద్దు చేయాలని లేబర్ కోర్టుకి వెళతాం అని అందులో ఉంది. రెండు వారాల గడువుంది, ఇంకా పంపలేదు. పాత సహోద్యోగులం కాబట్టి ముందు చైర్మన్‌కి చూపించారు.

“నీ పుట్టినరోజు జూన్‌లో కదా,” అన్నాడు చైర్మన్. “ఏటా చీజ్ కేక్ తెస్తావు. నేను తింటాను.”

అది సర్టిఫికెట్ తేదీ అని చెప్పాను. అసలు పుట్టినరోజు వసంతంలో వస్తుందన్నాను. ఏ తేదీ అన్నాడు. ఏటేటా మారుతుందన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“అయితే పాస్‌పోర్టులో ఉన్న తేదీ తప్పా?”

“తప్పు కాదు. నిజం కాదు, అంతే.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే భయం వేసింది. పుట్టినరోజు జూన్‌లో అంటే బిర్యానీ ఓట్ల కోసం పెట్టినట్టు. వసంతంలో అంటే నా కాగితాలన్నీ తేడా అని నేనే ఒప్పుకున్నట్టు. చైర్మన్ కాగితం మడిచి పక్కన పెట్టాడు. ఆయనకి నా మీద కోపం వచ్చినట్టు లేదు, తల నొప్పి వచ్చినట్టుంది. “కోర్టుకి వెళితే నెలలు పడుతుంది,” అన్నాడు చివరికి. “అన్నాళ్లూ సెలవు సంగతి ఎవరూ ముట్టుకోరు. నీ స్నేహితుడికి నువ్వే చెప్పు.”

టెస్ట్ బెంచి దాకా నడిచిన ఆ వంద అడుగులు నా ఉద్యోగంలో అన్నిటికంటే పొడుగైనవి. మంత్రిగారికి మొత్తం చెప్పాను, జరిపిన ఎనిమిది రోజులతో సహా. ఆ ఏడాది ఎండాకాలం ఆరు వారాలు పిల్లల్ని నాన్నమ్మ దగ్గర ఉంచాలని ఆయన అప్పటికే భార్యకి మాటిచ్చాడు. వాళ్ల అమ్మకి డెబ్బై దాటాయి. ఇంకెన్ని వేసవులు ఉంటాయో ఎవరికి తెలుసు. నన్ను తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఆయన పంపు ఆపేసి, చేతులు తుడుచుకుని, పెద్దగా నవ్వాడు. వాళ్ల ఊళ్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారట.

నవ్వాక పంపు మళ్లీ ఆన్ చేయలేదు. నేను దారి చూపించబోయాను. నువ్వు ఏమీ ఎరగవు, అంతా నేనే చేశానని రాసిస్తాను, నీ గెలుపు నీకుంటుంది అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మర్నాడు గెలిచిన ఏడుగురి మొదటి సమావేశం. నన్ను కూడా రమ్మన్నాడు.

ఆ గది చిన్నది. ఏడుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ముందు నన్ను చెప్పమన్నారు. బిర్యానీ ఓట్ల కోసమే పెట్టానని, పుట్టినరోజు నిజమే కానీ నాకు అనువైన రోజుకి జరిపానని, మంత్రిగారికి ముందు తెలియదని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా చెవులు వేడిగా ఉన్నాయి. తర్వాత మంత్రిగారు లేచాడు. మాటలు రావన్న మనిషి.

“నాకు తెలియదన్నది నిజమే. కానీ నేనూ తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ఆగి, నవ్వు పూర్తయ్యాక మొదలుపెట్టాడు. “నేను నిలబడింది ఒక్క పని కోసం. యజమాని ముందు కూర్చుని ఆరు వారాల సెలవు అడగాలి. అప్పుడాయన ఒక్క మాట అంటే చాలు, నువ్వు అన్నం పెట్టి గెలిచావు కదా అని. ఆ మాట పడ్డాక నాకు ఆరు రోజులు కూడా ఎవరూ ఇవ్వరు. మా పిల్లలకి ఆ సెలవు కావాలి. అందుకే ఈ గెలుపు నాకొద్దు. మనం ఏడుగురం రాజీనామా చేద్దాం. మళ్లీ ఓట్లు పెడదాం.”

గదిలో గాలి మారిపోయింది. గెలిచినవాళ్లని రాజీనామా చేయమనడం అంటే మాటలు కాదు. ఏడుగురిలో నలుగురు ఒప్పుకోవాలి. రెండోసారి మీరు గెలవకపోతే ఎలా అని ఒకావిడ అడిగింది. గెలవకపోతే గెలవనట్టే అన్నాడు. ఆయన చేయి మొదట లేచింది. తర్వాత ప్యాకింగ్ విభాగంలో పనిచేసే టర్కీ మనిషిది. కాసేపటికి ఆ ప్రశ్న అడిగినావిడది. ఆ పైన ఎవరూ కదల్లేదు. నేను నేల వైపు చూస్తూ నిలబడ్డాను. నాలుగో చెయ్యి చైర్మన్‌ది. రెండో స్థానానికి జారినవాడు, మళ్లీ ఓట్లు పెడితే మొదటి స్థానం తిరిగొస్తుందని ఎత్తాడేమో అనుకున్నాను. ఆయన నా వైపు చూసి, “నేనూ రెండు పళ్లేలు తిన్నాను,” అన్నాడు.

ఆ సాయంత్రమే పెయింట్ షాపు వాళ్లు కాగితం చించేశారు. కొత్త ఎన్నికకి నోటీసు అతికించారు. ఆ వారాల్లో నన్ను ఎవరితోనూ మాట్లాడొద్దన్నాడు మంత్రిగారు. సిగరెట్ల మూలకి కూడా వెళ్లొద్దన్నాడు. ఇంట్లో మా ఆవిడ పొయ్యి మీద పెద్ద గిన్నె కనిపించకుండా అటక మీదికి ఎక్కించింది. ఆయన మాత్రం భోజనాల వేళ ఒక్కో విభాగానికి వెళ్లి కూర్చుని, వాళ్లు చెప్పింది వినేవాడు. పెయింట్ షాపులో ఎక్కువసేపు కూర్చునేవాడు.

రెండో లెక్కింపు రోజు నేను కాంటీన్‌లో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్కొక్క పేరూ చదువుతున్నారు. ఒకటి, చైర్మన్. రెండు, మూడు, నాలుగు. మంత్రిగారి పేరు లేదు. ఐదు, పెయింట్ షాపు అభ్యర్థి. ఆరు కూడా వేరేవాళ్లే. నేను గోడ వదిలి ముందుకి జరిగాను. ఏడు, మంత్రిగారు. ఎనిమిదో మనిషి కంటే మూడు ఓట్లు ఎక్కువ.

దగ్గరికి వెళ్లి, మొదటి స్థానం నుంచి చివరికి తెచ్చాను, క్షమించమన్నాను. ఆయన మొహం వెలిగిపోతోంది. “బిర్యానీకి ఎన్ని ఓట్లో, నాకు ఎన్నో ఇప్పుడు విడివిడిగా తెలిసింది,” అన్నాడు. “నాకు వచ్చినవి నాకు చాలు.”

సెలవు సంగతి మాట్లాడే పని చైర్మన్ ఆయనకే అప్పగించాడు. యూరప్ బయట కుటుంబం ఉన్నవాళ్లు రెండేళ్లకోసారి ఆరు వారాలూ ఒకేసారి తీసుకోవచ్చు, వెళ్లేముందు తన పని ఇంకొకరికి నేర్పి వెళ్లాలి అని ఒప్పందం కుదిరింది. తన పని నేర్పే ఆలోచన మంత్రిగారిదే. యజమాని అడగబోయేది ఆయన ముందే తయారుచేసుకుని వెళ్లాడు. ఆ కాగితం కింద సంతకాలు చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇదంతా తోటివాళ్ల కోసం చేశానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి నా కోసమే చేశాను. కాకపోతే చాలా ఆలస్యంగా చేశాను.

ఆ వేసవిలో మొదటి ఆరు వారాలు ఆయనే తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వినడం నేను నేర్చుకున్నాను, ఏమీ వినిపించకపోయినా తలాడించేవాణ్ని. తిరిగొచ్చాక ఆయన చెప్పినదాన్ని బట్టి, మూడు వారాలు ఊళ్లో ఉన్నవాడు చుట్టం. నాలుగో వారం నుంచి ఊరివాడు. జనం పలకరించడం మానేసి పనులు చెప్పడం మొదలుపెడతారు. ఐదో వారంలో ఊరి నీళ్ల పంపు ఆగిపోయింది. రాజధాని నుంచి మనిషి రావాలంటే నెల పడుతుందన్నారు. మంత్రిగారు వెళ్లి చెవి పెట్టి విన్నాడు, విప్పాడు, రెండు రోజుల్లో నీళ్లు వచ్చాయి. ఆ వారమే ఊరిపెద్దలు ఇంటికొచ్చి, మున్సిపాలిటీకి నిలబడమన్నారు.

రెండేళ్ల తర్వాత ఆయన ఉద్యోగం వదిలి కుటుంబంతో వెళ్లిపోయాడు. వీడ్కోలు రోజున చైర్మన్, ఆరు వారాల సెలవిచ్చి మంచి టెస్టర్‌ని పోగొట్టుకున్న ఫ్యాక్టరీ మాదొక్కటే అన్నాడు. మూడు వారాల రూలే ఉండి ఉంటే ఆయన ఈ రోజుకీ మాతోనే ఉండేవాడని నాకూ అనిపించింది. టెస్ట్ బెంచి దగ్గర ఆయన చోటు చాలాకాలం ఖాళీగా ఉంది, తర్వాత కొత్తగా వచ్చినవాడు మీటర్లు బాగానే చూసేవాడు కానీ నవ్వేవాడు కాదు.

అక్కడ మొదటిసారి ఓడిపోయాడు. ఫోన్ చేసి చెప్పాడు. ఎదుటివాళ్లు జనానికి భోజనాలు పెట్టారా అని అడిగాను. “పెట్టారు. నేనూ వెళ్లి తిన్నాను. బాగుంది,” అన్నాడు. రెండోసారి గెలిచాడు. మున్సిపాలిటీలో ఐదేళ్లు పైపులూ పంపులూ చూసుకున్నాడు. తర్వాత పార్లమెంటు. ఆ తర్వాత, చెవి పెట్టి వినేవాడు ఒకడైనా ఉండాలనుకున్నారేమో, నీటి శాఖ ఇచ్చారు. మంత్రి అయ్యాక కూడా ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేసేవాడు. ఏ పంపు ఎక్కడ పాడైందో చెప్పేవాడు, రాజకీయాలు చెప్పేవాడు కాదు.

ట్రామ్‌లో ఆ పిల్లలు చూసిన వీడియో ఈ పర్యటనలోదే. ఆ వీడియో తీసిన మర్నాడు ఉదయం, కార్ల్స్‌రూహెలో ఒక హోటల్ లాబీలో ఆయన నాకు అరగంట టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇచ్చాడు. సూటు వేసుకున్నాడు, జుట్టు నెరిసింది, చేతులు మాత్రం అవే. ఇద్దరం పాత చైర్మన్ ఆరోగ్యం గురించీ, మూతబడ్డ ఫౌండ్రీ గురించీ మాట్లాడుకున్నాం. పెద్దమ్మాయి కూడా వచ్చింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లు, రాజధానిలో ఇంజినీరు. నన్ను బాడెన్ యాసలోనే పలకరించింది. అంతలో తండ్రి ఫోన్ మోగింది. ఊరి నుంచి వాళ్ల నాన్నమ్మ. ఎనభై దాటినా గొంతు లాబీ అంతా వినిపించింది. మంత్రిగారు రెండు మాటలు అన్నాడో లేదో, ఆ పిల్ల ఫోన్ లాక్కుని కిటికీ దగ్గరికి వెళ్లింది.

ఇక ఆపలేదు. చెయ్యి తిప్పుతోంది, నవ్వుతోంది, గట్టిగా వాదిస్తోంది, మధ్యలో అవతలి మనిషి ఏదో అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతోంది. ఒక్క జర్మన్ మాట దొర్లలేదు. ఏమంటున్నారని మంత్రిగారిని అడిగాను. “మా అమ్మ నన్ను తిడుతోంది, ఒళ్లు చేశానని. పిల్ల ఒప్పుకుంటోంది,” అన్నాడు.

ప్రొటోకాల్ ఆఫీసరు ఒకాయన వచ్చి గడియారం చూపించాడు. బయట కార్లు ఆగి ఉన్నాయి, ఎక్కడో ఎవరో పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు. మంత్రిగారు కిటికీ వైపు చూసి, మాట్లాడనివ్వమని చెయ్యి ఊపాడు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది, కొలోన్‌లో ఉన్న మా అమ్మాయి గుర్తొచ్చింది. నేనూ లేవలేదు. ఆ భాషలో ఒక్క మాట కూడా నాకు తెలియదు, అయినా ఆ పిల్ల ఫోన్ పెట్టేసేదాకా కూర్చుని విన్నాను.